లెక్క రాయని ప్రయోగం

"సిస్టర్, సూటిగా చెప్పమ్మా. నా మీద ప్రయోగం చేస్తారా?"

మర్నాడు పొద్దున బైపాస్ ఆపరేషన్ ఉన్న ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు అడిగిన మాట ఇది. నా చేతిలో తొమ్మిది పేజీల కన్సెంట్ ఫారం ఉంది. గుండె ఐసీయూలో ఆరేళ్లు నర్సుగా చేసి, రీసెర్చ్ విభాగంలోకి మారి అప్పటికి మూడు నెలలు. మత్తు ఇచ్చే రెండు పద్ధతులను పోల్చి చూసే ట్రయల్ అది. ఒకదాంట్లో ఆపరేషన్ సాగినంతసేపూ మత్తుమందును గ్యాసుగా పీల్పిస్తారు. రెండోదాంట్లో మొత్తం నరంలోకే ఎక్కిస్తారు. రెండూ పాతవే, రెండూ రోజూ వాడేవే. ఎవరికి ఏది అన్నది మాత్రం కంప్యూటర్ బొమ్మా బొరుసూ వేసి చెబుతుంది. ఇదంతా వివరించాను. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "నా గుండె మీద బొమ్మా బొరుసూ వద్దమ్మా. డాక్టరుగారు ఏది మంచిదనుకుంటే అదే ఇమ్మనండి" అన్నారు. సంతకం పెట్టలేదు. పెట్టకపోవడం ఆయన హక్కు. ఫారం మడిచి తెచ్చేసుకున్నాను.

మర్నాడు ఆయనకు గ్యాసు మత్తే ఇచ్చారు. ఎందుకంటే ఆ ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్‌లో, డ్యూటీ పడ్డ మత్తు డాక్టరుగారికి అది అలవాటు. పక్క ఓటీలో ఉన్నావిడ అన్నీ నరంలోకే ఎక్కిస్తారు, ఆవిడ చదువుకున్నచోట అలా నేర్పారు. మాస్టారు ఏ ఓటీకి వెళ్లాలన్నది తేల్చింది ఆపరేషన్ల లిస్టు టైపు చేసే గుమాస్తా. బొమ్మా బొరుసూ ఎలాగూ పడింది. పడినట్టు ఎవరూ రాసుకోలేదు, అంతే.

ఈ సంగతి నన్ను ఇప్పటికీ వదల్లేదు. ట్రయల్‌లో చేరితేనే ప్రయోగం, చేరకపోతే 'మామూలు వైద్యం' అనుకుంటాం. ఆ మామూలు వైద్యంలో సగం అలవాటు, పావు గురువు మాట, మిగతాది ఆ రోజు స్టోరులో ఏ మందు ఉందన్నది. ఇద్దరు మంచి డాక్టర్లు ఒకే రోగికి రెండు వేరు పనులు చేస్తున్నారంటే, ఏది మంచిదో ఇంకా ఎవరికీ తెలియదన్నమాట. తెలియనప్పుడు చేసేదంతా ప్రయోగమే. లెక్క రాస్తే దాని ఫలం తర్వాత వచ్చేవాడికి దక్కుతుంది, రాయకపోతే ఎవరికీ దక్కదు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. దీనికి ఎదురు వాదనలు బలమైనవే ఉన్నాయి, వాటి దగ్గరకూ వస్తాను.

మాస్టారికి వద్దనిపించిన ఆ ప్రశ్నకు 2019లో ఒక పెద్ద జవాబు వచ్చింది. గ్యాసు మత్తు గుండె కండరాన్ని కాస్త కాపాడుతుందని ల్యాబుల్లోనూ, చిన్న చిన్న ట్రయళ్లలోనూ ఏళ్ల తరబడి కనిపిస్తూ వచ్చింది. మిరియడ్ అనే ట్రయల్‌లో 13 దేశాల్లోని 36 ఆసుపత్రులు కలిసి 5,400 మంది బైపాస్ రోగులను రెండు గుంపులు చేసి చూశాయి. ఏడాది తిరిగేసరికి గ్యాసు గుంపులో చనిపోయినవాళ్లు నూటికి 2.8, నరం గుంపులో 3.0. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇలాంటి ఫలితం వింటే 'ఇంత చేసి ఏం లాభం' అంటారు. పక్క ఓటీ ఆవిడ మీద, మా ఓటీ డాక్టరుగారి మీద ఎవరూ ఇక వేలెత్తక్కర్లేదు. అది తక్కువ లాభమేం కాదు.

గుండె సర్జరీలో బోల్తా కొట్టిన ఆలోచనలన్నీ వినడానికి ఎంత బాగుంటాయో! రొమ్ము ఎముక వెనక అటొకటి ఇటొకటి కిందికి దిగే ధమనులు రెండున్నాయి, ఇంటర్నల్ మామరీ అంటారు. వాటిని ముడివేస్తే కిందికి పోవలసిన రక్తం దారి మళ్లి గుండెకు చేరుతుందని ఇటలీలో ఫియెస్కి అనే సర్జన్ 1939లో మొదలుపెట్టాడు. కాలవకు అడ్డుకట్ట వేస్తే నీరు పక్క మడిలోకి మళ్లినట్టు. ఎవరు కాదనగలరు? 1950లలో అమెరికాలో ఇది ఊపందుకుంది. ఆ చోటు వరకే మత్తు, ఛాతీ మీద చిన్న కోతలు, పెద్ద ప్రమాదం లేదు. రోగులు నొప్పి తగ్గిందన్నారు, మాత్రలు తగ్గించుకున్నారు, ఎక్కువ దూరం నడిచారు.

1959లో సియాటిల్‌లో లెనార్డ్ కాబ్ బృందం 17 మందిని తీసుకుంది. కోత పెట్టి ధమనులను బయటికి తీశాక సర్జన్ చేతికి ఒక కవరు ఇచ్చేవారు. అందులో రాసినదాన్ని బట్టి 8 మందికి ధమనులు ముడివేశారు, 9 మందికి ఏమీ చేయకుండా కుట్లు వేసేశారు. రెండు గుంపులకూ ఒకేలా మేలు జరిగింది. మరుసటి ఏడు కాన్సస్‌లో 18 మందితో ఇలాంటిదే చేస్తే, ఉత్త కోతతో సరిపెట్టిన ఐదుగురూ మాకు బాగుందన్నారు. దాంతో ఆ ఆపరేషన్ కథ ముగిసింది.

ఈ కథ నాకు ఎంత ఇష్టమో అంత ఇబ్బంది కూడా. తమలో కొందరికి ఉత్త కోతే పెడతారని ఆ రోగులకు చెప్పలేదు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ముందు పెట్టినా చింపి పారేస్తారు, పారేయాలి కూడా. అయితే అంతకుముందు, ఏ కవరూ లేకుండా, పనికిరాని ఆపరేషన్ చేయించుకున్న వాళ్లందరికీ జరిగినదాన్ని ఏమనాలి? వాళ్ల గురించి ఎవరికీ గుచ్చుకోదు. ఇంకో విచిత్రం, ఆ ధమనే తర్వాత బైపాస్‌కు ప్రాణమైంది. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో కోలెసోవ్ దాన్ని నేరుగా గుండె రక్తనాళానికి కలిపి కుట్టాడు. ఇవాళ్టి బైపాసుల్లో ముందు వాడేది ఎడమవైపు మామరీ ధమనినే. వస్తువు మంచిదే, వాడిన తీరే తప్పు.

మనకు కాకతాళీయం అని ఒక మాట ఉంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. ఇంజెక్షన్ ఇచ్చాం, రోగి కోలుకున్నాడు. ఐసీయూలో ఆరేళ్లు పనిచేసినదాన్ని, నాకు తెలిసినవాటిలో సగం కాకీ తాటిపండూ వ్యవహారాలే అయి ఉంటాయి. అవేవో విడదీయడం నా వల్ల కాదు, ఎంత అనుభవం ఉన్న డాక్టరు వల్లా కాదు. తెలివి చాలక అంటున్న మాట కాదిది, మన కంటికి అంత చిన్న తేడా ఆనదు.

అప్రోటినిన్ సంగతే తీసుకోండి. ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసే మందు, ఆపరేషన్‌లో రక్తస్రావం తగ్గిస్తుంది. 1987లో మొదటి మంచి ఫలితాలు వచ్చాక గుండె సర్జన్లు దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. డ్రెయిన్ సీసాలో రక్తం తగ్గడం కళ్లకు కనిపిస్తుంది కదా. తర్వాత కెనడాలో బార్ట్ అనే ట్రయల్ పెట్టారు. ఎక్కువ రిస్కు ఉన్న 2,331 మందిని రక్తస్రావం తగ్గించే మూడు మందుల మధ్య పంచారు. భారీ రక్తస్రావం అప్రోటినిన్ గుంపులో నూటికి 9.5, మిగతా రెండింటిలో 12.1, 12.8. అప్రోటినిన్ గెలిచినట్టే. కానీ నెల రోజుల్లో చనిపోయినవాళ్లు అప్రోటినిన్ గుంపులో నూటికి 6, మిగతావాటిలో 4. ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. 2007 చివర్లో కంపెనీ మందు అమ్మకం ఆపింది, 2008లో ఫలితాలు అచ్చయ్యాయి.

ఏడాదికి నూరు గుండె ఆపరేషన్లు చేసే సర్జన్‌ను ఊహించుకోండి. ఒక ఏడాది నలుగురు పోయారు, మరో ఏడాది ఆరుగురు. ఆ రెండో ఏడు వృద్ధులు ఎక్కువొచ్చారని ఆయన అనుకుంటాడు, అనుకోవడంలో తప్పులేదు. సీసాలో రక్తం తగ్గడం రోజూ కనబడుతుంది. ఎక్కడో ఒకచోట అదనంగా పోయిన ఇద్దరు ఎవరి కంటా పడరు. వేలమందిని వరుసలో పెట్టి లెక్కేస్తే తప్ప ఆ ఇద్దరూ బయటికి రారు.

కథ అక్కడితో అయిపోలేదని కూడా చెప్పాలి. బార్ట్ లెక్కల మీద తర్వాత ప్రశ్నలు లేచాయి. 2012లో యూరప్ మందుల సంస్థ, రక్తస్రావం ముప్పు ఎక్కువున్న కొందరు బైపాస్ రోగులకు మాత్రం అప్రోటినిన్ వాడవచ్చని తలుపు కొంచెం తెరిచింది. నాకు ఇందులో తప్పేం కనిపించదు. రాసిన లెక్కను తిరగేసి సరిదిద్దవచ్చు. రాయని లెక్కను ఏం చేస్తాం?

లెక్క రాయకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లోని బ్రిస్టల్ చూపించింది. అక్కడి ఆసుపత్రిలో పసిపిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని అనుమానించి, 1988లో చేరిన స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు సొంతంగా లెక్క కట్టడం మొదలుపెట్టాడు. పైవాళ్లు వినిపించుకోలేదు. చివరికి ఆయన ఆస్ట్రేలియా వెళ్లిపోవలసి వచ్చింది. 2001లో వచ్చిన విచారణ నివేదిక, 1991 నుంచి 1995 మధ్య ఏడాది లోపు పిల్లల్లో ఉండాల్సినదానికంటే 30 నుంచి 35 మంది ఎక్కువగా చనిపోయారని తేల్చింది. కత్తి పట్టుకున్న మనిషికి తన లెక్క తనకు కనబడలేదు. తలాపున, మత్తు యంత్రం పక్కన కూర్చున్న మనిషికి కనబడింది.

రక్తం ఎక్కించడం గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. హిమోగ్లోబిన్ ఎంతకు పడితే ఎక్కించాలి? 2015లో రెండు వేల మందితో బ్రిటన్‌లో చేసిన ఒక ట్రయల్‌లో, తక్కువ రక్తం ఎక్కించిన గుంపులో మూడు నెలల మరణాలు 4.2, ఎక్కువ ఎక్కించినవాళ్లలో 2.6 శాతం. అందరూ ఉలిక్కిపడ్డారు. 2017లో 19 దేశాల్లో ఐదు వేల పైచిలుకు మందితో ట్రిక్స్-3 వచ్చింది. 7.5కు పడేదాకా ఆగినవాళ్లకూ, 9.5కే ఎక్కించినవాళ్లకూ మరణం, గుండెపోటు, పక్షవాతం, డయాలసిస్ అన్నీ కలిపి చూస్తే ఆగడం వల్ల నష్టం కనబడలేదు. కానీ రక్తం అవసరమైనవాళ్లు 73 శాతం నుంచి 52 శాతానికి తగ్గారు. ఒక్క ట్రయల్ చూసి గంతులేయకూడదని నేను నేర్చుకున్నది ఇక్కడే.

ఇప్పుడు నాకు బాగా దగ్గరైన విషయం. నైట్ డ్యూటీలో మూడో రాత్రి అంటే మాకు టెన్షన్. ఆపరేషన్ బాగా జరిగి, ట్యూబు తీసేసి, పగలంతా చక్కగా మాట్లాడిన పెద్దాయన రాత్రి రెండింటికి లేచి కూర్చుని, రైలు వెళ్లిపోతోందంటూ మెడలో లైను పీక్కోబోతాడు. పాతవాళ్లు సంధి అనేవారు, మేం డెలీరియం అంటాం. తెల్లారాక ఇంట్లోవాళ్లు వణికిపోతూ అడుగుతారు, "నాన్నగారికి మతి పోయిందా సిస్టర్?" ఎవరి కారణం వారిది. మత్తు ఎక్కువైందని సర్జన్, ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే పంపు వల్లనని మత్తు డాక్టరు, నిద్ర లేకనని నేను.

బైపాస్ తర్వాత జ్ఞాపకశక్తి తగ్గుతుందన్న భయానికి 2001లో గట్టి ఆధారం దొరికినట్టైంది. 261 మందిని పరీక్షిస్తే, ఇంటికి వెళ్లేనాటికి 53 శాతం మందిలో తగ్గుదల, ఆరు నెలలకు 24కి దిగి, ఐదేళ్లకు మళ్లీ 42. దోషి హార్ట్-లంగ్ మెషీనే అన్నారు. పంపు లేకుండా, కొట్టుకుంటున్న గుండె మీదే కుట్టే పద్ధతికి గిరాకీ పెరిగింది. తర్వాత 4,752 మందితో చేసిన కరోనరీ అనే ట్రయల్‌లో పంపుతో చేసినా లేకుండా చేసినా మరణాలు, పక్షవాతాలు, గుండెపోట్లు దాదాపు ఒకటే. ఏడాది తర్వాత బుర్ర పరీక్షల్లోనూ అసలైన తేడా లేదు.

మరి ఆ 42 శాతం? జాన్స్ హాప్కిన్స్ వాళ్లు ఒక మామూలు పని చేశారు. అదే గుండె జబ్బు ఉండి ఆపరేషన్ చేయించుకోనివాళ్లను కూడా ఏళ్ల తరబడి పరీక్షించారు. వాళ్లకూ అంతే తగ్గింది. వయసు, బీపీ, సుగర్, పూడుకుపోతున్న రక్తనాళాలు తమ పని తాము చేసుకుపోతున్నాయి. పంపు నెత్తిన పడిన నింద చాలావరకు వాటిదే. పోల్చడానికి రెండో గుంపు లేకపోతే మంచి పరిశోధకులు కూడా కాకినే చూస్తారు.

డెలీరియం మీద ఇంకొకటి. మిడజోలామ్ లాంటి మత్తు ఇంజెక్షన్ల వల్లనే పెద్దవాళ్లకు సంధి వస్తుందని చాలామంది నమ్మకం, నాదీ అదే. బీ-ఫ్రీ అనే ట్రయల్‌లో ఉత్తర అమెరికాలోని 20 ఆసుపత్రులు కొన్ని వారాలు ఆ మందుల్ని వీలైనంత మానేసి, కొన్ని వారాలు మామూలుగా వాడి, అలా మార్చుకుంటూ పోయాయి. దాదాపు 20 వేల మంది రోగులు. 2025లో వచ్చిన ఫలితం ప్రకారం రెండు వైపులా సంధి వచ్చినవాళ్లు నూటికి 14, 15. నా నమ్మకం ఆరేళ్ల నైట్ డ్యూటీల మీద నిలబడింది, అయినా నిలవలేదు.

ఆ ట్రయల్‌లో ఒక్కొక్క రోగి సంతకం తీసుకోలేదు. రెండూ మామూలు వైద్యమే కనుక అక్కర్లేదని ఎథిక్స్ కమిటీలు ఒప్పుకున్నాయి. నేను ఇంతసేపూ వాదిస్తున్నది సరిగ్గా అదే, అయినా చదవగానే నాకు ఎక్కడో చురుక్కుమంది. చాలా రోజులు ఆలోచించాను. సంతకం లేకపోవడం నాకిప్పుడు అభ్యంతరం కాదు. మాస్టారి మత్తుకు మాత్రం ఎవరు సంతకం తీసుకున్నారు, గ్యాసా నరమా అని? కానీ 'ఫలానా నెలలో మీరు ఈ లెక్కలో ఉన్నారు, ఇదిగో తేలింది' అని తర్వాతైనా చెప్పాలి. అది చెప్పకపోతే మాత్రం నేను మాస్టారి పక్షమే.

ఇక అసలు ఎదురు వాదన. లెక్క రాసేవాళ్లను నమ్మడం ఎలా? జర్మనీలో యోఆకిం బోల్ట్ అనే పేరుమోసిన మత్తు డాక్టరు ఉండేవాడు. గుండె ఆపరేషన్లలో ఏ సెలైన్ మంచిదన్నదాని మీద వందల పేపర్లు రాశాడు, స్టార్చ్ కలిపిన సెలైన్ క్షేమమని. 2009లో వచ్చిన ఒక పేపరు చదివినవాళ్లకు అంకెలు మరీ ముచ్చటగా కనిపించాయి. రోగి రోగికీ ఉండాల్సిన హెచ్చుతగ్గులు లేవు. ఆరా తీస్తే ఆ అధ్యయనం జరిగిన దాఖలాలే లేవు. 2010లో ఆ పేపరును వెనక్కి తీసుకున్నారు, ఇప్పటికి వందకు పైగా పేపర్లు అలా పోయాయి. 2013లో కొందరు పరిశోధకులు ఆయనవి ఏడు ట్రయళ్లు, 590 మంది రోగులు, పక్కన పెట్టి మిగతా లెక్కలు కలిపి చూశారు. ఐసీయూ రోగుల్లో స్టార్చ్ వల్ల మరణాలు, కిడ్నీ నష్టం పెరుగుతున్నాయని బయటపడింది. 2022లో యూరప్ ఆ ద్రావణాలకు అనుమతి నిలిపేసింది.

ఇది చదివి 'చూశావా, అంతా మోసం' అంటే నా దగ్గర జవాబు తడుముకోవాల్సిందే. లెక్క రాయడం ఎంత ముఖ్యమో, ఆ పుస్తకం పదిమందికి తెరిచి ఉంచడం అంతకంటే ముఖ్యం. నేను డేటా ఎంట్రీ చేసిన రోజుల్లో, ఒక ఫారంలో రక్తపోటు రాయడం మరిచిపోయిన జూనియర్‌ను "అంచనాగా ఏదో ఒకటి వేసేయ్" అని ఒక పెద్దాయన అనడం విన్నాను. ఖాళీ గడిని ఖాళీగానే ఉంచమని పోట్లాడాను. ఆయనకు కోపం వచ్చింది. నేను దొంగతనం అన్న మాట వాడాను, ఇప్పుడైనా అదే వాడతాను.

తప్పు మావైపు ఇంకా ఉంది. ముందురోజు సాయంత్రం, ఛాతీ గొరిగించుకుని, ఏమీ తినవద్దని చెప్పించుకుని, తెల్లారితే గుండె ఆపుతారని తెలిసిన మనిషి చేతిలో తొమ్మిది పేజీలు పెట్టడం కన్సెంట్ కాదు. ఓపీలో ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజే ఆ కాగితాలు ఇచ్చి, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకొమ్మని పంపాలి. ఈ మాట మా మీటింగుల్లో నేను అనీ అనీ అలసిపోయాను. మాట్లాడటం విలువ వేరే చెప్పాలా? 1963లో ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టరు చేసిన అధ్యయనంలో, ఆపరేషన్ ముందు మత్తు డాక్టరు వచ్చి కూర్చుని మాట్లాడిన రోగి, నిద్ర ఇంజెక్షన్ ఇచ్చిన రోగికంటే కూడా కుదురుగా కనిపించాడు. మరుసటి ఏడు 97 మంది కడుపు ఆపరేషన్ రోగుల్లో సగం మందికి నొప్పి ఎలా ఉంటుందో, ఎలా పక్కకు తిరగాలో ముందే చెప్పారు. వాళ్లకు నొప్పి మందు సగమే సరిపోయింది, సగటున 2.7 రోజులు ముందే ఇంటికి వెళ్లారు. ఏ మందుల కంపెనీ దీన్ని పట్టుకుని ఊరేగదు కదా, అందుకే ఇవాళ్టికీ రౌండ్స్‌లో ఒక్కో మంచం దగ్గర రెండు నిమిషాలే.

చెప్పేది అన్నిసార్లూ మేలు చేయదు లెండి. 2006లో అచ్చైన ఒక అధ్యయనంలో 1,802 మంది బైపాస్ రోగులను మూడు గుంపులు చేసి, రెండింటి కోసం ప్రార్థనలు చేయించి చూశారు. ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు గుంపుల్లో కాంప్లికేషన్లు 52, 51 శాతం. 'మీకోసం ప్రార్థిస్తున్నారు' అని ఖాయంగా చెప్పిన గుంపులో 59. నా పరిస్థితి ప్రార్థనల దాకా వచ్చిందా అని హడలిపోయారేమో!

మరొకటి, ఏం కొలుస్తున్నామన్నది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ ఎంత, వెంటిలేటర్ గంటలు ఎన్ని అని కొలుస్తాం. ఇంటికి వెళ్లేటప్పుడు ఏ రోగీ నన్ను ట్రోపోనిన్ అడగలేదు. మెట్లెక్కగలనా, కారు నడపగలనా, రాత్రి పడుకోగలనా అని అడిగారు. ఈమధ్య ట్రయళ్లలో ఒక కొలత వాడుతున్నారు, ఆపరేషన్ తర్వాత ముప్ఫై రోజుల్లో ఎన్ని రోజులు బతికి, ఇంట్లో ఉన్నారు అని. చావు, మళ్లీ అడ్మిట్ కావడం, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండిపోవడం అన్నీ అందులోకే వచ్చేస్తాయి. నేను ఇన్నేళ్లలో నింపిన గడులన్నిటిలో నాకు నచ్చినది అదొక్కటే.

మాస్టారు ఆరు వారాలకు చెకప్‌కు వచ్చారు. బాగున్నారు. కారిడార్‌లో నన్ను గుర్తుపట్టి ఆపారు.

"ఆ రోజు వద్దన్నాను కదమ్మా, మరి నన్ను ఏ గుంపులో రాశారు?"

"ఏ గుంపులోనూ లేరు సార్."

"అసలు ఎక్కడా లేనా?"

ఉన్నారని చెప్పాను. ఇలాంటి ట్రయల్ పేపర్లో ఒక బొమ్మ ఉంటుంది, పైనుంచి కిందికి బాణాలతో. ఎంతమందిని పరిశీలించారు, ఎంతమంది చేరారు, ఎవరు ఏ గుంపుకు వెళ్లారు అని. అందులో పక్కగా ఒక చిన్న గడి, 'అర్హత ఉండి ఒప్పుకోనివారు' అని ఒక అంకె. మీరు ఆ అంకెలో ఒకరు అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "ఆ అంకె ఎంతో వచ్చాక చెప్పు" అని ఫోన్ నంబరు రాసిచ్చారు.